మోటారు గద్దె మీద నడక

నీళ్లలో నడవమని ఇప్పటిదాకా ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. చెప్పిన ప్రతిసారీ ఎదుటి మనిషి చూసే చూపు మాత్రం ఒకటే. ఈమెకేమైనా పిచ్చా అన్నట్టు చూస్తారు. జగిత్యాలలో ఒక ఎముకల డాక్టరు దగ్గర ఫిజియోథెరపిస్టుగా పదకొండేళ్ల నుంచి పనిచేస్తున్నాను. నా పేరు వనిత. పుట్టింది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి, మెట్టింది కోరుట్ల, రోజూ కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులో రావడం పోవడం. ఈ మూడు చోట్లా నేను చూసినన్ని మోకాళ్లు ఇంకెవరూ చూసి ఉండరు. బట్ట నేసే సాంచాల దగ్గర పన్నెండు గంటలు నిలబడి అరిగినవి, నాట్లలో అరిగినవి, దుబాయిలో సిమెంటు బస్తాలు మోసి అరిగినవి. అన్నిటికంటే ఎక్కువ, బీడీలు చుట్టే ఆడవాళ్లవి.

జమున మోకాళ్లు కూడా అలాంటివే. ఆమె సంగతి చెప్పబోతే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండుతుందో అడక్కండి, నా మీద కూడా.

2019 జనవరి చివర్లో ఆమె మొదటిసారి వచ్చింది. గొల్లపల్లి మండలంలో ఒక చిన్న ఊరు. కల్లు గీసే గౌండ్ల వాళ్లు. నలభై ఆరేళ్ల మనిషి, పదేళ్ల వయసులో తల్లి పక్కన కూర్చుని బీడీ చుట్టడం మొదలుపెట్టింది. అంటే ముప్పై ఆరేళ్లుగా నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒడిలో చాట పెట్టుకుని, పొద్దంతా అదే కూర్చోవడం. ఎక్స్‌రే చూస్తే ఎడమ మోకాల్లో ఎముకకూ ఎముకకూ మధ్య సందే లేదు.

"కూసుంటే లేవస్తలేదు మేడం. లేస్తె కూసోవస్తలేదు" అంది.

నీకేం కావాలక్కా అని అడిగాను. నేను అందరినీ అడుగుతాను. కొందరు పరుగెత్తాలంటారు, కొందరు కొండగట్టు మెట్లెక్కాలంటారు. జమున మాత్రం గోడ పట్టుకోకుండా లేవాలంది. ఇంట్లో అత్త మల్లక్క ఉంది, నడుము పడిపోయి మంచం మీదే. ఆమెను రోజుకు నాలుగుసార్లు లేపి కూర్చోబెట్టాలి, బయటికి తీసుకుపోవాలి. "మా అత్తను లేపాలంటె ముందుగాల నేను లేవాలె గదా" అంది. ఇంట్లో మరో మనిషి లేడు. ఒక్కగానొక్క బిడ్డకు పెళ్లయిపోయింది. భర్త శ్రీహరి పన్నెండేళ్లుగా దుబాయిలో. మా దగ్గర గల్ఫ్ దేశాలన్నిటికీ దుబాయి అనే పేరు, నిజానికి ఆయన ఉండేది షార్జాలో.

ఆపరేషన్ ఇప్పుడే వద్దు, కసరత్తుతో చూద్దామని డాక్టరు నా దగ్గరికి పంపారు. కుర్చీలో కూర్చుని కాలు చాపే కసరత్తు నేర్పాను. వాళ్ల ఇంట్లో కుర్చీ లేదని పది రోజుల తర్వాత తెలిసింది. మంచం పట్టె మీద కూర్చుని చేసిందట. మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. నేల మీద ఏం చేయించినా అరిగిన ఎముక మీద బరువు పడుతూనే ఉంటుంది. అప్పుడు నా మందు నేను బయటికి తీశాను. నీళ్లలో నడువక్కా అన్నాను.

ఎందుకో కూడా వివరంగా చెప్పాను. నడుము లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో సగం నీళ్లే మోస్తాయి. ఛాతీ దాకా దిగితే మోకాళ్ల మీద పడేది మూడో వంతుకు మించదు. నీళ్లు అన్ని వైపుల నుంచీ ఒత్తుతాయి కాబట్టి వాపు దిగుతుంది. అడుగు వేయబోతే నీళ్లు అడ్డుపడతాయి, వాటిని తోసుకుంటూ నడిస్తే తొడ కండ గట్టిపడుతుంది, తొడ గట్టిపడితే మోకాలి పని కొంత అది చేస్తుంది. కాలు జారినా నేల మీద పడ్డట్టు దెబ్బ తగలదు. మాత్ర మింగనక్కర్లేదు, సూది పొడిపించుకోనక్కర్లేదు. జమున అన్నీ శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది, అన్ని నీళ్లు ఎక్కడున్నాయని.

అదీ అసలు చిక్కు. జగిత్యాలలో ఈత కొలను ఒకటుంటే ఫోన్ చేశాను. ఆడవాళ్లకు ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా అన్నారు. చీరతో దిగనివ్వరట, ఈత బట్టలు వేసుకోవాలట. నలభై ఆరేళ్ల బీడీ కార్మికురాలు, రెండు ఆటోలు మారి వచ్చి, మిట్టమధ్యాహ్నం ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకుని పట్నం మనుషుల ముందు నీళ్లలోకి దిగాలి. పైగా వారానికి ఒక్కసారి. వ్యాయామం వారానికి ఒక్కసారి చేస్తే వచ్చే లాభమేమిటో అవతలి మనిషిని అడిగి ఫోన్ పెట్టేశాను. కాలువ చూద్దామంటే ఒక వారం నీళ్లు వదిలితే ఒక వారం ఆపుతారు, ఒడ్డు ఏటవాలు, పాకుడు. చెరువులో మోకాలి లోతు బురద. గోదావరి పక్కన పారుతుంటే ఒక ఆడమనిషి ఛాతీ లోతు నీళ్లలో ఇరవై నిమిషాలు నిలబడడానికి చోటు దొరకలేదు నాకు.

చివరికి చోటు జమునే చెప్పింది. వాళ్ల పొలంలో బావి ఉంది. పెద్ద బావి, రాతి మెట్లు ఉన్నాయి. మామగారి కాలంలో మోటారును బావి లోపలే, ఒక పక్క రాతిని కొట్టి కట్టిన సిమెంటు గద్దె మీద పెట్టేవారు. నీళ్లలో ముంచే మోటార్లు వచ్చాక ఆ గద్దె ఖాళీ అయింది. తర్వాత కాలువ వల్ల ఊట పెరిగి గద్దె మునిగిపోయింది. ఇప్పుడు దాని మీద నిలబడితే నీళ్లు ఛాతీ దాకా వస్తాయి. పొడవు పది అడుగులు, వెడల్పు నాలుగడుగులు, పక్కనే పట్టుకోవడానికి పాత ఇనుప పైపు.

గద్దె దాటితే ఎంత లోతని అడిగాను. ముగ్గురు మనుషుల లోతు అంది. ఈత వచ్చా అంటే రాదంది. నడుముకు తాడు కట్టుకుని పైపుకు ముడివేస్తే తప్ప వద్దన్నాను. తాడు ఇంట్లోనే ఉందంది. అది శ్రీహరి మోకు. తాటిచెట్లెక్కేటప్పుడు నడుము చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి వేసుకునే గట్టి తాడు. మనిషి దాని మీద ఒరిగి రెండు చేతులూ వదిలేసి కల్లు గీస్తాడు, అంత నమ్మకం దాని మీద. చెట్లు తగ్గి, గీసిన కల్లు ఇల్లు నడపక ఆయన దుబాయి పోయిన రోజు నుంచి అది గోడకు కొక్కెం మీద అలాగే ఉంది. కొడుకు వచ్చి మళ్లీ ఎక్కుతాడని మల్లక్క దాన్ని ఎవరినీ ముట్టనివ్వదు. అత్త నిద్రపోయినప్పుడు తీసి సంచిలో పెట్టుకుపోతానంది జమున.

ఒంటరిగా పోకు, ఎవరినైనా తోడు తీసుకో అని కూడా చెప్పాను. ఎవరికైనా చెబితే నవ్వుతారంది. నేను గట్టిగా పట్టుబట్టలేదు.

లోతు అడిగాను, జారుడు అడిగాను, తాడు అడిగాను. నా చదువు నాకు నేర్పినవన్నీ అడిగాను.

ఆరు వారాలు చేసింది. మధ్యాహ్నం పొలాల్లో మనుషులు తిండికి పోయిన వేళ చూసుకుని దిగేది. ముందుకు పది అడుగులు, వెనక్కి పది అడుగులు, పక్క నుంచి పది అడుగులు. తర్వాత పైపు పట్టుకుని కాలు ముందుకీ వెనక్కీ ఊపడం. ప్రతి సోమవారం నా దగ్గరికి వచ్చి చెప్పేది. మూడో వారం వచ్చి, మోటారు నడిచేటప్పుడు దిగితే నీళ్లు నడుము దాకే ఉంటున్నాయి, అప్పుడు నొస్తుంది, మోటారు ఆగి ఊట నిండితే ఛాతీ దాకా వస్తున్నాయి, అప్పుడు నొప్పే తెలియదు అంది. నేను పుస్తకాల్లో బొమ్మలు చూసి నేర్చుకున్న లెక్కను ఆమె బావిలో నిలబడి కనిపెట్టింది. నాకు భలే సంతోషమేసింది.

ఆరో వారం నా గదిలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నా ముఖం చూస్తూ, చేయి ఎక్కడా ఆనించకుండా లేచి నిలబడింది. నేను చప్పట్లు కొట్టాను. నిన్న అత్తను కూడా అలాగే లేపానంది. ఇంకో నెల చేస్తే ఈ బలం నిలబడుతుంది అక్కా, మానకు అన్నాను. మీ ఆయనకు చెప్పావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"దుబాయిల ఉన్న మనిషికి మన నొప్పి చెప్తె ఆడ బువ్వ తినడు మేడం" అంది.

ఈ మాట నేను ప్రతి ఇంట్లో విన్నాను. ఇక్కడ ఎవరికి జ్వరమొచ్చినా, ఇల్లు కురిసినా ఫోన్‌లో మాత్రం అందరం మంచిగున్నం. అవతల కూడా అంతే. నలభై అయిదు డిగ్రీల ఎండలో నిలబడి మంచిగున్న అంటారు. సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఇంత మంచిగా ఉన్నవాళ్లు నా దగ్గరికి కుంటుకుంటూ ఎందుకు వస్తున్నారో నాకు అర్థం కాదు.

ఆ మర్నాడే అయింది అది.

జమున వాళ్ల పక్క పొలం పోచయ్యది. అరవై దాటిన మనిషి. మూడేళ్ల కింద ఆయన కోడలు అదే బావిలో పడి చనిపోయింది. ఆమె మొగుడూ అప్పుడు దుబాయిలోనే ఉన్నాడు. ఆ రోజు పోచయ్య పొలంలోనే ఉన్నాడట. చప్పుడు వినిపించిందట కూడా. ఏదో రాయి పడిందనుకుని మడి గట్టు చెక్కుకుంటూ ఉండిపోయాడు. అప్పటి నుంచి ఆ బావి వైపు ఎవరు పోయినా తల ఎత్తి చూడకుండా ఉండలేడు.

ఆ మంగళవారం ఆయన తిండికి ఇంటికి పోలేదు, చింతచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. జమున వచ్చింది. ఎవరైనా చూసి నవ్వుతారేమోనని అటూ ఇటూ చూసింది. సంచిలోంచి మోకు తీసింది. కొంగు దోపుకుంది, మోకు నడుముకు బిగించుకుంది, బావిలోకి దిగింది. ఇది చూసిన మనిషి ఏమనుకుంటాడు? మోకాళ్లకు వ్యాయామం చేసుకోవడానికి పోతోందనుకుంటాడా?

పోచయ్య అరుచుకుంటూ ఉరికాడు. ఆ అరుపుకి నలుగురు మగవాళ్లు వచ్చారు. జమున గద్దె మీద పక్క నడక నడుస్తోంది. ఏమీ కాలేదు, వద్దు, నేను నడుస్తున్నా అని కింద నుంచి మొత్తుకుంది. బావిలోంచి వచ్చిన మాట గొంతు చించుకున్న ఏడుపులా వినిపించిందట పైనున్నవాళ్లకు. ఒకడు దిగి మోకును పైపు నుంచి విప్పాడు. మిగతావాళ్లు పైనుంచి గుంజారు. నడుముకు బిగిసిన మోకు ఆమెను మెట్ల మీదుగా ఈడ్చుకుపోయింది. ఎడమ మోకాలు రాతి అంచుకు కొట్టుకుంది. ఆరు వారాలు నీళ్లు జాగ్రత్తగా బాగుచేసిన మోకాలిని కాపాడేవాళ్లు ఒక్క నిమిషంలో పాడుచేశారు.

ఆ తర్వాత జరిగినవి తలచుకుంటే నాకు తల బాదుకోవాలనిపిస్తుంది. బావి మెట్ల మీద తుమ్మకంప నింపారు. మోకును బావిలోకి విసిరేశారు. వాడకట్టు ఆడవాళ్లు వంతులు వేసుకుని జమున పక్కన కూర్చున్నారు. పాపం మంచివాళ్లే. బీడీ ఆకు కత్తిరించడానికి ఆమె కత్తెర తీసుకుంటే మెల్లగా చేతిలోంచి లాక్కున్నారట. మోకాళ్ల కోసం పోయిన అని జమున చెబితే, అవునక్కా అవును అని తల నిమిరారు. మల్లక్క మంచం మీద నుంచి ఒకటే ఏడుపు, కొక్కెం మీద మోకు లేదని.

పోచయ్య ఆ సాయంత్రమే షార్జాకు ఫోన్ చేశాడు. "తమ్మీ, నీ పెండ్లాం బాయిల వడ్డది. మేం తీసినం. పాణంతోనే ఉన్నది. నువ్వు జెల్ది రా" అన్నాడు. అంతే. ఆ మాటల్లో ఒక్క అబద్ధమూ లేదు, ఆయనకు కనిపించింది అదే. జమున ఎన్నిసార్లు చేసినా శ్రీహరి ఫోన్ కలవలేదు.

శుక్రవారం నాకు కబురు తెలిసింది. సెలవు పెట్టి ఎక్స్‌రే పట్టుకుని ఆ ఊరు పోయాను. ముందు పోచయ్య ఇంటికే పోయి అరుగు మీద కూర్చున్నాను. బరువు సంగతి, వాపు సంగతి, తొడ కండ సంగతి గంటసేపు చెప్పాను. మీరు చేసిన పని వల్ల ఆమె మళ్లీ మొదటికి వచ్చిందని కూడా అనేశాను. నిజం చెప్పొద్దూ, కాస్త గట్టిగానే అన్నాను. ఆయన ఒక్క మాట అడ్డు చెప్పకుండా విన్నాడు. ఎక్స్‌రే తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"మా కోడలు గూడ బీడీలే చేసేది మేడం. ఆమెకు గూడ మోకాళ్లు నొస్తుండె. గప్పుడు ఎవ్వలన్న అచ్చి గిట్ల చెప్పుంటే, బాయిలకు గందుకే దిగుతున్నదనుకొని మేం చూసుకుంట ఊకుంటుంటిమి గదా" అన్నాడు.

నేను ఎక్స్‌రే కవర్‌లో పెట్టుకున్నాను. ఆయన నన్ను తప్పు పట్టలేదు. తప్పు పట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని. తంగళ్ళపల్లిలో మానేరు ఒడ్డున పెరిగినదాన్ని నేను. సాంచాలు ఆగిపోయి మగవాళ్లు పనికి మహారాష్ట్రలోని భీవండి పోయిన రోజుల్లో, మా గల్లీలో ఎవరైనా ఆడమనిషి బట్టలు ఉతకడానికి పోయి ఆలస్యమైతే మా అమ్మ నన్ను చూసి రమ్మని పంపేది. ఎందుకు పంపేదో నాకు పదేళ్లప్పుడే తెలుసు. తెలిసినదాన్ని, జమున బావి అన్నప్పుడు లోతెంత అని మాత్రమే అడిగాను.

జమున ఇంటికి పోయి మోకాలికి కట్టు మారుస్తుండగా బయట ఆటో ఆగింది. ఒక చిన్న బ్యాగుతో శ్రీహరి దిగాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండకు కమిలిన రంగు. గడపలో నిలబడి భార్యను చూశాడు. జమున లేవబోయింది. చేయి ఆనించకుండా లేవాలని చూసింది. కాలేదు. గోడ పట్టుకుని లేచింది. ఆరు వారాల కింద ఎలా లేచేదో అలాగే.

"నీకేం తక్కువ జేసిన్నే?" అన్నాడు.

"నేను సచ్చెటందుకు పోలే. మోకాళ్లకు నడిచెటందుకు పోయిన. గీ మేడమే చెప్పింది" అంది జమున.

మళ్లీ మొదలుపెట్టాను నేను. ఛాతీ లోతు నీళ్లు, పైపు పట్టుకోవడం, ఇరవై నిమిషాలు. ఇన్ని రోజుల్లో ఎవరూ నమ్మని మాటలు, ఈయన మాత్రం ఎందుకు నమ్ముతాడని నీరసంగానే చెప్పాను. సగంలో ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"పక్కకు పక్కకు నడుసుడా? ఎన్కకు నడుసుడు గూడనా?" అని అడిగాడు.

అవునన్నాను. ఆయన బ్యాగు కింద పెట్టాడు. ఒక చేత్తో దర్వాజ పట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, మోకాలు వంగకుండా కాలు ముందుకు ఊపి, వెనక్కి ఊపాడు. అచ్చం నేను నేర్పినట్టే. నేర్పినదానికంటే బాగా.

పదకొండేళ్లు ఎండలో కట్టడం పని చేశాక, కిందటేడే ఆయనకు నీడపట్టున పని దొరికింది. షార్జాలో ఒక పెద్ద అపార్టుమెంటులో ఈత కొలను శుభ్రం చేసే పని. వలతో చెత్త తీయడం, గోడల పాకుడు రుద్దడం, మందు కలపడం. పొద్దున్నే అయిదారుగురు పెద్ద వయసు ఆడవాళ్లు దిగి కడ్డీ పట్టుకుని కాళ్లు ఊపుతారు, ముందుకూ వెనక్కూ నడుస్తారు. టీచరమ్మ గట్టు మీద నిలబడి లెక్కపెడుతుంది. చేతికర్రతో వచ్చిన ముసలామె ఒకామె ఆరు నెలలకు కర్ర లేకుండా రావడం ఆయన కళ్లతో చూశాడు. ఇదంతా గడప మీద కూర్చుని మెల్లగా చెప్పాడు.

"కంపినిల హెల్పర్ అన్నవు గదా" అంది జమున.

"ఊరోళ్ల తానం నీళ్లు కడుగుతున్న అని నీకెట్ల చెప్పుదు?" అన్నాడు శ్రీహరి. వెంటనే, "నీ మోకాళ్ల ముచ్చట నువ్వు చెప్పినవా నాకు?" అన్నాడు.

లోపల మల్లక్క, ఎవరు వచ్చారు అని అడుగుతోంది.

రోజూ ఫోన్‌లో మాట్లాడుకునే మొగుడూ పెళ్లాలు. ఒకరు ఇక్కడ నీళ్లలో, ఒకరు అక్కడ నీళ్ల పక్కన. ఇద్దరికీ తెలిసింది ఒకే వ్యాయామం, ఇద్దరూ దాచింది అదే. పోచయ్య ఫోన్ చేసినప్పుడు, ఆమె బావిలో నడుస్తోంది అని తెలిసి ఉంటే ఈ ఒక్క మనిషి నవ్వి ఫోన్ పెట్టేసేవాడు. దానికి బదులు మేనేజరు కాళ్లావేళ్లా పడి, మధ్యలో పోతే మళ్లీ పనిలోకి తీసుకోము అని రాసిన కాయితం మీద సంతకం పెట్టి విమానం ఎక్కాడు. పన్నెండేళ్లలో మొదటిసారి నీడలో దొరికిన పని అది. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. బస్సెక్కి కోరుట్ల దాకా ఏడుస్తూనే వచ్చాను.

వాపు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత శ్రీహరే తుమ్మకంప లాగేశాడు. బావిలోకి దూకి, అడుగున వెతికి, మోకు బయటికి తెచ్చాడు. ఒక ఆదివారం నేను చూడడానికి పోయాను. జమున గద్దె మీద నడుస్తోంది. ఆయన గద్దె అంచున, లోతు వైపు నిలబడి, షార్జా టీచరమ్మలాగే వన్, టూ, త్రీ అంటున్నాడు. వీపు వంచకు అని కసురుతున్నాడు. పైన గట్టు మీద పోచయ్య కూర్చుని ఉన్నాడు. రోజూ వస్తాడట. వాళ్లు పైకి వచ్చేదాకా కూర్చుని, లేచి పోతాడట. ఇప్పుడు ఊళ్లో ఎవరూ అరవడం లేదు. అదే బావి, అదే మోకు, అదే ఆడమనిషి. నేను ఎక్స్‌రే పట్టుకుని ఎంత చెప్పినా నమ్మనివాళ్లు, పని పోగొట్టుకుని వచ్చిన మొగుడు పక్కన నిలబడగానే నమ్మారు. ఇంకో ఇద్దరు బీడీ ఆడవాళ్లు గట్టు దాకా వచ్చి చూసి పోయారట. వాళ్ల మొగుళ్లు ఇంకా దుబాయిలోనే ఉన్నారు, వాళ్లు దిగలేదు.

మేలో ఊట దిగి గద్దె బయటపడింది. వానలు పడ్డాక మళ్లీ మొదలుపెట్టారు. ఆ దసరా నాటికి జమున గోడ పట్టుకోకుండా లేచింది. ఇప్పటికీ లేస్తోంది. మల్లక్కను చివరిదాకా ఆమే లేపింది.

శ్రీహరికి మళ్లీ వీసా రాలేదు. యాభై రెండో ఏట కోరుట్లలో ఒక రైస్ మిల్లులో బస్తాలు మోసే పనికి కుదిరాడు. రెండేళ్లు తిరగకముందే నడుము నొప్పితో నా దగ్గరికే వచ్చాడు. పరీక్ష చేసి, అలవాటు కొద్దీ నీళ్లలో అనబోయి ఆగాను. మిల్లు దగ్గర ఉండే గదికి అవతల ఒక చెరువు ఉందని ఆయనే అన్నాడు. కాగితం తీసుకుని, లోతు అడగడానికి ముందు ఇంకో మాట అడిగాను. అందరినీ ఇప్పుడు మొదట అదే అడుగుతున్నాను.

"గా నీళ్లల్ల ఎవ్వలన్న పడ్డరా?"

అడిగితే అందరూ ఒకసారి నా ముఖంలోకి చూస్తారు. తర్వాత పేరు చెబుతారు, ఏ సంవత్సరమో చెబుతారు, ఎవరి కోడలో, ఎవరి బిడ్డో చెబుతారు. నేను రాసుకుంటాను. తోడు ఎవరు వస్తారు, ఊళ్లో ఎవరెవరికి ముందే చెప్పాలి అని తర్వాత మాట్లాడుకుంటాం. ఆరేళ్లయింది ఇలా అడగడం మొదలుపెట్టి. మా ఊరి నీళ్లలో ఎవరూ పడలేదు మేడం అన్న మనిషి నాకు ఇంకా కనిపించలేదు.